ముందు ఎవరి దగ్గరికి

పోయిన వారం మనం గోదను ఇంటి వెనక వసారాలో, చేట ముందు కూర్చోబెట్టి వచ్చాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. బియ్యంలో రాళ్లు ఎప్పుడో అయిపోయాయి, అయినా ఏరుతూనే ఉంది. "ఆ పిల్ల ఏడవదేం? గుండె ఉందా, లేదా?" అని కొందరు పాఠకులు నామీద కోపం తెచ్చుకున్నారు. గుండె ఉందండీ. ఏడుపే రావడం లేదు. రాని ఏడుపును తెప్పించడం ఆమెకూ చేతకాదు, నాకూ చేతకాదు.

కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పాలి. పాతబస్తీ గౌలిపురాలో ఒక సందు చివర చిన్న రామాలయం ఉంది. దాని పూజ తరతరాలుగా పక్కనే ఉన్న సదాశివ గారి ఇంటిది. పెద్ద కొడుకు రామ్‌చందర్ ఒక ఆఫీసులో గుమాస్తా. చిన్న కొడుకు ప్రభాకర్ కంచన్‌బాగ్‌లో లోహాల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. గోద ఆ ప్రభాకర్ భార్య. నవమికి అన్నదమ్ములిద్దరూ పందిరికి ట్యూబ్‌లైట్లు కడుతున్నారు. తండ్రి బావి దగ్గర స్నానం చేసి, మడి కోసం తడిబట్టతోనే గుడిలోకి పోతూ పందిరి ఇనుప గుంజను పట్టుకున్నారు. దానికి కరెంటు పారుతోందని ఎవరికీ తెలియదు. నిచ్చెన మీదున్న ప్రభాకర్ ఒక్క తన్ను తన్ని తండ్రిని విడిపించాడు. ఆ ఊపుకు తాను కింద పేర్చిన ట్యూబ్‌లైట్ల మీద పడ్డాడు.

తండ్రి చప్పుడు లేకుండా పడి ఉన్నారు. కొడుకు చంక దగ్గర గాజు దిగి సందంతా వినపడేలా అరుస్తున్నాడు. వంటింట్లోంచి ఉరికొచ్చిన గోద మొదట మెయిన్ స్విచ్ ఆపింది. తర్వాత తువ్వాలు మడత పెట్టి, అత్తగారు రమాబాయి చేతిని గాయం మీద గట్టిగా ఒత్తిపెట్టించింది. ఆపైన భర్త దగ్గర ఆగలేదు. మామగారి దగ్గర కూర్చుని, ఆయన ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదింది, మధ్యమధ్య ఛాతీ ఒత్తింది. మామగారు బతికారు. ప్రభాకర్ దవాఖాన చేరకముందే దారిలో పోయాడు.

నిన్నటితో కర్మకాండ అంతా ముగిసింది. ఇక ఇవాళ్టి సంగతి.

"గోదా, నడింట్లకు రా. మీ బావగారు పిలుస్తుండ్రు," అని తోడికోడలు సక్కుబాయి వసారా గుమ్మం దగ్గర నిలబడి చెప్పింది. ఆమె చంకలో గోద కూతురు మైథిలి ఉంది. పిల్లకు తల దువ్వి, కొత్త గౌను వేసి, నుదుట ఇంత బొట్టు పెట్టి ఉంది. గోద పిల్ల వైపు చూసింది. పొద్దున్నే ఆ తల దువ్వాల్సింది తను కదా అనుకుంది. అనుకున్నది అంతే, లేచి చేట పక్కకు పెట్టి నడింట్లోకి వెళ్లింది.

నడింట్లో ఆమె పెట్టె ఉంది. పెళ్లికి పుట్టింటివాళ్లు ఇచ్చిన ఆకుపచ్చ రేకు పెట్టె. దాన్ని తాడుతో కట్టేసి ఉంచారు. గోద దాన్ని చూసి, తాడు ముడి సరిగా లేదని గమనించింది. గడిచిన ఈ రోజులన్నీ ఆమెకు ఇలాగే ఉంటోంది. పెద్ద సంగతులు తలలోకి దిగడం లేదు, చిన్నవి మాత్రం అతుక్కుని ఉండిపోతున్నాయి. గాజులు తీసేసిన నాడు కూడా ఆమెకు గుర్తున్నది ఒక గాజు ముక్క చాప సందులో ఇరుక్కోవడమే.

సదాశివ గారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. గోద ఛాతీ మీద ఒత్తినప్పుడు పక్కటెముక ఒకటి విరిగింది, ఊపిరి పీల్చినప్పుడల్లా చెయ్యి అక్కడికి పోతోంది. దవాఖాన నుంచి వచ్చాక ఆయన కోడలితో ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మౌనానికి సందులో రకరకాల అర్థాలు చెప్పుకున్నారు. రమాబాయి గోడకు ఆనుకుని, రెండు చేతులూ కొంగు కింద పెట్టుకుని ఉంది. ఆమె అసలు ఎవరితోనూ మాట్లాడటం లేదు. కొడుకు పోయిన తల్లి కదా అని ఎవరూ ఆమెను కదిలించలేదు.

తమ్ముడికి కర్మ చేసిన రామ్‌చందర్ గుండుతో, నిద్ర లేని కళ్లతో నిలబడి ఉన్నాడు.

"గోదా, మీ అన్నకు కబురు చేసిన. గద్వాల బస్సుకు పోతే పొద్దుగూకకముందే చేరుకుంటవ్. పుట్టింట్ల నిద్ర చెయ్యాలె గద, అందరు చేసేదే. రిక్షా వచ్చి ఉన్నది."

"మళ్ల ఎప్పుడు రావాలె బావగారూ?"

రామ్‌చందర్ కిందికి చూశాడు. "చూద్దాం తియ్. మీ వదినకు సాయంగ ఉండు. మనసు నిమ్మలమయ్యేదాంక ఆడనే ఉండు."

"పెట్టెల మైథిలి బట్టలు లేవు."

"పిల్ల ఈడనే ఉంటది. దానికి బడి ఉన్నది. సక్కు చూసుకుంటది."

బడి అంటే పిల్లలు పొద్దున పలకతో పోయి, మధ్యాహ్నం పలక పోగొట్టుకుని వచ్చే బడి. మైథిలి అందులో ఇంకా 'అ' దగ్గరే ఉంది. కానీ సక్కుబాయి పిల్లను పట్టుకున్న తీరు చూస్తే ఇది బడి సంగతి కాదని ఎవరికైనా తెలుస్తుంది. ఆ మొగుడూపెళ్లాలకు పిల్లలు లేరు. మైథిలి అంటే ఇద్దరికీ ప్రాణం. అది దొంగ ప్రేమ అయితే నాకు ఈ కథ చెప్పడం సులువయ్యేది. కాదు, నిజమైన ప్రేమే.

"నేను లేకుంటే దానికి నిద్ర రాదు," అంది గోద. ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినట్టే చెప్పింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "పిల్ల లేకుంట నేను పోను బావగారూ," అంది.

"పోకుంటే ఏం చేస్తవ్ ఇక్కడ?" రామ్‌చందర్ గొంతు లేచింది. "బయట ఏమనుకుంటుండ్రో ఎరుకనా నీకు? నల్లా కాడ పొద్దందాక ఇదే లొల్లి. మొగుడు నెత్తుట్ల కొట్టుకుంటుంటే ఇడిసిపెట్టి పోయి మామ మూతి మీద మూతి పెట్టింది అంటుండ్రు. గుడికి వచ్చే ఆడోళ్లు మనింటి వాకిట్ల నిలబడి లోపలికి తొంగి చూసి పోతుండ్రు. నేను గట్ల అంటలేను. నా తండ్రి పానం నిలబెట్టినవ్, నేనెట్ల అంట? కానీ నాకు ఒక్కటి సమజైతలేదు గోదా. వాడు నీ మొగుడు. వాడు అమ్మా అమ్మా అని మొత్తుకుంటుండు. నువ్వు ముందు వాని కాడికి ఎందుకు పోలే?"

ఈ ప్రశ్న చాలామంది అడిగారు. పుట్టింటి నుంచి వచ్చిన అన్న కూడా పక్కకు పిలిచి గుసగుసగా అడిగాడు. గోద అందరికీ ఒకటే జవాబు చెప్పింది, ఇప్పుడూ అదే చెప్పింది.

"మామయ్యకు ఊపిరి లేదు. మా ఆయనకు ఉన్నది."

"ఉన్నోడే గద పోయిండు!"

"ఊపిరి ఆగినోళ్లకు ఎక్కువసేపు ఉండదు బావగారూ. కొన్ని నిమిషాలు పోతే ఇంక ఎవరు వచ్చినా లేపలేరు. నెత్తురైతే చెయ్యి పెట్టి ఒత్తితే ఆగుతది. ఒత్తనీకి సదువు అవసరం లేదు, ఎవరైనా ఒత్తొచ్చు. ఊపిరి ఊదుడు నాకొక్కదానికే ఎరుక. అందుకే నెత్తురు కాడ అత్తయ్యను పెట్టి, నేను అటు పోయిన."

ఇవి ఆమె సొంత మాటలు కావు. కంచన్‌బాగ్ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ల భార్యల కోసం నర్సు రాహేలు ఆదివారాలు క్లాసులు పెట్టేది. కట్లు కట్టడం, కాలిన గాయాలకు నీళ్లు పొయ్యడం, పాము కరిస్తే ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు. రాహేలు గట్టి మనిషి. "మీకు ఏది ఎరుక అనేది కాదు, ముందు ఏది, తర్వాత ఏది, అదే అసలు సదువు," అనేది. ముందు మీరు పడకుండా చూసుకోండి, కరెంటు ఆపకుండా మనిషిని ముట్టొద్దు. పిలిచి చూడండి. ఊపిరి ఉందా చూడండి. నెత్తురు ధారగా పోతుంటే అక్కడ చెయ్యి పడాలి. ఎముకలు, వాపులు ఆఖరున. స్పృహ లేనివాళ్ల నోట్లో చుక్క నీళ్లు కూడా పొయ్యొద్దు, ఎంత పెద్దవాళ్లు చెప్పినా వినొద్దు.

గోద ఇంటికి వచ్చి ఆ పాఠాలు ప్రభాకర్ మీద సాధన చేసేది. అతడు చాప మీద పడుకుని, "నేను పోయినట్టే పండుకుంట, లేపు చూస్తా," అని కళ్లు మూసుకుని నవ్వు ఆపుకోలేక కదిలేవాడు. ఈ జ్ఞాపకం వస్తే ఏ ఆడదానికైనా గుండె పగలాలి. గోదకు ఆ చాప అంచు చిరిగి ఉందని, కుట్టిద్దామనుకున్నామని గుర్తొచ్చింది.

"సరే," అన్నాడు రామ్‌చందర్. "చెయ్యి పెట్టి ఒత్తితే నెత్తురు ఆగుతది అంటున్నవ్. అమ్మ ఒత్తింది గద. మరి వాడెట్ల పోయిండు?"

ఎవరైనా ఎప్పుడో ఒకప్పుడు ఇది అడుగుతారని గోదకు తెలుసు. రమాబాయి వైపు చూడకుండా ఉండటానికి మెడను బిగపట్టుకుంది.

ఎందుకంటే గోద ఒకటి చూసింది. మామగారి నోటి మీది నుంచి తల ఎత్తి గాలి పీల్చుకుంటున్నప్పుడు, ఎదురుగా ఒక చెయ్యి వచ్చింది. చేతిలో ఉద్ధరిణె, అందులో తీర్థం. పోతున్నవాళ్ల నోట్లో అయినవాళ్లు పోసే తులసి తీర్థం. ఆ చెయ్యి మణికట్టు దాకా ఎర్రగా ఉంది. చెయ్యి మామగారి పెదాల మధ్య తీర్థం పోసింది. గోద దాన్ని మోచేత్తో తోసేసి, మామగారి తల పక్కకు తిప్పి, వేలు పెట్టి నోరు శుభ్రం చేసి మళ్లీ ఊదింది. ఆ తొందరలో ఆ ఎరుపు ఏమిటని ఆలోచించలేదు. కాసేపటికి ప్రభాకర్ అరుపు ఆగింది. అత్తయ్య సముదాయించింది కాబోలు, నొప్పి తగ్గింది కాబోలు అనుకుంది. మామగారి ఛాతీ తనంతట తాను లేచింది. అప్పుడు వెనక్కి తిరిగి చూసింది.

ఆ సాయంత్రం దవాఖాన వరండాలో రమాబాయి తన రెండు చేతులూ ముందు పెట్టుకుని చూసుకుంటూ కూర్చుంది. ఎవరో వచ్చి కడగమన్నా కడుక్కోలేదు. అప్పుడు గోదకు అర్థమైంది, గాయం మీద ఉండాల్సిన చెయ్యి తీర్థం పోసిందని. అర్థమై కూడా ఎవరికీ చెప్పలేదు. దీన్ని త్యాగం అనుకుని ఆమెకు దండం పెట్టకండి. చెప్పాలంటే నోరు తెరవాలి, ఎవరో ఏడుస్తారు, ఎవరో అరుస్తారు, అదంతా తను చూడాలి. అంత ఓపిక ఆమెలో లేదు. ఒంట్లో ఎక్కడ గిల్లినా తెలియని స్థితిలో ఉన్న మనిషి ఇంకొకరిని గిల్లడానికి పూనుకోదు.

"చెప్పవేంది? అమ్మ ఒత్తినంక వాడెట్ల పోయిండు?" రామ్‌చందర్ మళ్లీ అడిగాడు. "గాయం పెద్దది గద. అమ్మతోని ఏమైతది? నువ్వు ఉండాల్సింది ఆడ. గదే నేననేది."

"నన్నొక మాట అడగనియ్యుండ్రి."

అన్నది సదాశివ గారు. ఇల్లంతా ఆయన వైపు తిరిగింది. ఆయన పక్కటెముక మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా ఊపిరి తీసుకున్నారు.

"నాకు దవాఖానల మెలకువ వచ్చినంక దవడ సందుల ఏదో తగిలింది. వేలు పెట్టి తీసిన. తులసాకు. అప్పటిసంది అడుగుదామనుకుంటున్న, అడగబుద్ధి కాలే. నాకు తీర్థం పోసింది ఎవరు?"

బయట సందులో రిక్షా అతను ఎవరితోనో ఉర్దూలో ఏదో అంటూ నవ్వుతున్నాడు.

"తులసి తీర్థం పోసిండ్రంటే నేను పోతున్ననని అనుకున్నరు. తప్పు లేదు. నేను కూడ ఎంతమందికి పోసిన్నో. కానీ పోసింది ఎవరు?"

"నేనే మామయ్యా," అంది గోద.

ఎందుకు అలా అందో ఆమెకే సరిగా తెలియదు. గోడకు ఆనుకున్న మనిషి చేతుల మీదికి కొంగు ఇంకా లాక్కోవడం ఓరకంట కనిపించింది, అంతే. రామ్‌చందర్ చెయ్యి విసిరి, "సూడుండ్రి! ఇది కూడ ఈమెనే!" అన్నాడు. కానీ ఆ మాటలో కోపం కంటే తొందర ఎక్కువ ఉంది. విషయం అక్కడితో తెగిపోతే బాగుండునన్న తొందర.

సదాశివ గారు కోడలిని మొదటిసారి నేరుగా చూశారు.

"నువ్వు నాకు ఊపిరి ఊదుతున్నవ్. తీర్థం గిన్నె ఉండేది గర్భగుడిల. నన్ను ఇడిసిపెట్టి, లేచి, వంటింటి చీరతోని గర్భగుడిలకు పోయి, గిన్నె తెచ్చి పోసినవా?"

"పోయిన."

"ఊపిరి లేనోని నోట్లె నీళ్లు పొయ్యొద్దని నీకు ఎరుక లేదా?"

గోద పెట్టె తాడు ముడి వైపు చూసింది. అబద్ధం ఆడటానికి కూడా ఒంట్లో కాస్త వేడి ఉండాలి.

"అది పొయ్యలే."

ఆ గొంతు ఎవరిదో ఒక్క క్షణం ఎవరికీ తెలియలేదు. అన్ని రోజులు మూసుకుని ఉన్న నోరు కదా, బొంగురుపోయింది. రమాబాయి కొంగు కింది నుంచి చేతులు బయటికి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"అది పొయ్యలే. నేను పోసిన."

సదాశివ గారు భార్య వైపు తిరిగారు. "నీ చేతి కింద పిలగాడు ఉండె గదనే," అన్నారు. అరిచి అంటే బాగుండేది. మెల్లగా అన్నారు.

"ఉండె. కోడలు చెప్పింది, అత్తయ్యా ఏమైనా సరే చెయ్యి తియ్యొద్దు, మామయ్య పోయినా తియ్యొద్దు అని చెప్పింది. తియ్యలేదు నేను. వెచ్చగ తగులుతుండె, ఒత్తుకొనే ఉన్న. వాడు నా మొఖమే చూస్తుండె." ఆమె రామ్‌చందర్ వైపు చెయ్యి చూపించింది. "నీ పెద్దకొడుకు గిన్నె పట్టుకొని ఉరికొచ్చిండు. బాపు పోతుండు, నీ చేతి తీర్థం అందకుంట పోతే ఎట్ల అమ్మా, లే, లే అన్నడు. నా చెయ్యి పట్టుకొని లేపిండు. లేచిన. పోసి మళ్ల వచ్చిన. అప్పటికి పిలగాడు అరుస్తలేడు. నిద్ర పట్టినట్టుందని తల నిమిరిన."

గోదకు ఇది తెలియదు. ఎర్రటి చెయ్యి వరకే ఆమెకు తెలుసు. ఆ చేతిని ఇంకో చెయ్యి లేపిందని తెలియదు. ఆమె రామ్‌చందర్ వైపు చూసింది. కోపం రావాలి. ఇన్నాళ్లూ నిందలన్నీ తన తల మీద వేసి, పెట్టెకు తాడు కట్టి, పిల్లను ఉంచుకోబోయిన మనిషి. కోపం కోసం లోపల వెతికింది, చల్లారిన పొయ్యిలో నిప్పు కోసం చూసినట్టు. బూడిద తగిలింది.

రామ్‌చందర్ గోడకు చేరగిలబడ్డాడు.

"లేపిన," అన్నాడు. "అవును, నేనే లేపిన. కాదంటలేను. కానీ బాపూ, ఎందుకు లేపిన్నో అది కూడ ఇనుండ్రి. నేను తమ్మున్ని సంపుకోవాలని లేపిన్నా? వానికి నిక్కరు తొడుక్కునుడు నేర్పింది నేను." చేత్తో ముఖం తుడుచుకుని గోద వైపు తిరిగాడు. "నేను ముందుగాల నీ కాడికే వచ్చిన. గోదా, ప్రభాకర్ సస్తుండు, వాన్ని చూడమ్మా అని మొత్తుకున్న. నువ్వు ఏమన్నవ్? యాదికి తెచ్చుకో. నువ్వు తల కూడ తిప్పలే. అరిచేటోళ్లకు ఏం గాదు బావగారూ, సప్పుడు లేనోళ్లే పోతరు అన్నవ్. అన్నవా, లేదా?"

రమాబాయి తల ఎత్తి కోడలి వైపు చూసింది.

"నువ్వు నేర్చుకొని వచ్చినదానివి. నాకేం ఎరుక? నీ మాట నమ్మిన. తమ్ముడు అరుస్తనే ఉన్నడు, ఇంక వానికి ఏం గాదనుకున్న. బాపుకు సప్పుడు లేదు, బాపే పోతుండనుకున్న. అందుకే గిన్నె తెచ్చిన. అందుకే అమ్మను లేపిన. నువ్వు ఆ మాట అనకుంటే ఆ చెయ్యి నేను లేపకపోదును గోదా. ఇన్నొద్దుల సంది గదే మాట నా చెవులల్ల మోగుతుంది. నీ మొఖం చూస్తే గదే ఇనపడుతుంది. నిన్ను ఈ ఇంట్ల ఎట్ల చూడాలె నేను?"

అతడు చతికిలబడి, రెండు చేతుల్లో తల పెట్టుకుని, పెద్దవాళ్లు ఏడవకూడని విధంగా ఏడ్చాడు. సక్కుబాయి చంకలోని మైథిలి పెదనాన్న ఏడవడం చూసి తానూ ఏడుపు అందుకుంది.

గోద నిలబడిన చోటే నిలబడింది. ఆ రోజు తన గొంతు తనకు వినిపించింది. అవును, అంది. గట్టిగానే అంది, అందరికీ వినపడాలని అంది. రాహేలు క్లాసులో చెప్పిన మాటే అది. అరుస్తున్నారంటే ఊపిరి ఉన్నట్టే, కనుక ముందు చప్పుడు లేనివాళ్లను చూడండి. కానీ రాహేలు అంతటితో ఆపలేదు. నెత్తురు పోయేవాళ్లు అరుస్తున్నారు కదా అని వదిలెయ్యకండి, గాయం మీది చెయ్యి లేస్తే ఆ అరుపు కూడా ఎక్కువసేపు ఉండదు అని కూడా చెప్పింది. ఆ రెండో సగం గోదకు బాగా తెలుసు. బావగారికి అది చెప్పలేదు. చెప్పడానికి నోరు ఖాళీగా లేదు. ఒక మాట అనేసి, మళ్లీ వంగి, ఉన్న ఊపిరంతా మామగారి నోట్లోకి ఊదింది.

ఆమె ముంజేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. చాలా రోజుల తర్వాత ఒంట్లో ఒకటి తెలిసింది. అది దుఃఖం కాదు, భయం. సక్కుబాయి చేతుల్లో ఏడుస్తున్న పిల్ల ఇప్పుడు తనది కాకుండా పోతుందేమోనన్న భయం.

"అన్న," అంది గోద. "ఆ మాట నేనే అన్న బావగారూ."

సదాశివ గారు కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. లేవడానికి చాలా కష్టపడ్డారు, ఎవరూ సాయం పట్టలేదు. ముగ్గురినీ చూశారు. కింద కూర్చుని ఏడుస్తున్న కొడుకును, చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటున్న భార్యను, కట్టిన పెట్టె పక్కన నిలబడ్డ కోడలిని. బయట రిక్షా అతను బెల్లు కొట్టి, "చల్తే క్యా, నై చల్తే?" అని, వస్తారా రారా అన్నట్టు కేకేశాడు.

"సక్కూ," అన్నారు ఆయన. "పిల్లను నాకియ్యి."

సక్కుబాయి పిల్లను మరింత దగ్గరికి హత్తుకుంది. మామగారి ముఖం చూసి మళ్లీ వదులు చేసింది. ఆయన విరిగిన ఎముక నొప్పికి పళ్లు బిగపట్టి మనవరాలిని భుజాన వేసుకున్నారు. పిల్ల ఏడుపు ఆపి తల్లి వైపు చేతులు చాచింది. గోద కూడా చేతులు చాచింది.

సదాశివ గారు ఒక అడుగు వేశారు. అది గోద వైపు కాదు. ఎవరి వైపో వచ్చే వారం చెప్తాను.